ఊలుకు ఇంట్లో రంగు వేసే ముందు

ముందు లేబుల్ చూడండి. షాపుల్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో యాక్రిలిక్ చాలా ఉంటుంది, దానికి యాసిడ్ రంగులు (వెనిగర్ లాంటి పులుపుతో ఊలుకు పట్టే రంగులు) పట్టవు. అనుమానముంటే చిన్న పోగును పటకారుతో పట్టుకుని సింక్ మీద కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, చల్లారాక బూడిద వేళ్ల మధ్య నలిగితే ఊలే. కరిగి గట్టి పూసలా మిగిలితే యాక్రిలిక్.

రంగుకు వాడిన స్టీలు గిన్నె, గరిటె మళ్లీ వంటకు వద్దు. పొడి కలిపేటప్పుడు మాస్క్, గ్లౌజులు ఉండాలి. ఫ్యాన్ ఆపేయండి.

చిలపను, అంటే ఊలు దారం చుట్టను, నాలుగు చోట్ల వదులుగా కట్టండి. నా మొదటి చిలపను బిగించి కట్టాను, విప్పి చూస్తే ప్రతి కట్టు కిందా తెల్లటి మచ్చ. అరగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాకే రంగులో వేయండి.

అసలు టెన్షన్ వేడి దగ్గరే. 85 డిగ్రీలు చాలు. అంచున సన్నటి బుడగలు రావాలి గానీ నీళ్లు తెర్లకూడదు. కలియబెట్టకండి, మెల్లగా అదమండి. రంగు పట్టడానికి వెనిగర్ మరిచిపోవద్దు. వేడి ఊలును చన్నీళ్లలో ముంచి కాస్త నలిపినా అట్టకట్టేస్తుంది, మళ్లీ విడదీయలేం. గిన్నెలోనే పూర్తిగా చల్లారనివ్వండి.

స్వెటర్‌కైతే కావలసిన ఊలంతా ఒకేసారి వేయండి. రెండోసారి అదే ఛాయ రావడం కష్టం.