ఒంటి మీద నిలిచే శిల్పం: మైనపు తీగతో ఇత్తడి పతకం పోత

కాగితం మీద మొదట నగ వెనక వైపు గీయండి. బొమ్మలు చేయడం, గీయడం వచ్చినవాళ్లు నగ చేయబోయి ఎక్కువగా తప్పేది ఇక్కడే. ముందు వైపును నాలుగు రోజులు దిద్దుతారు, ఒంటికి ఆనే వైపును ఆఖర్న కంసాలికి వదిలేస్తారు. చివరికి చేతికొచ్చేది ఒక చిన్న బొమ్మ, దానికో కొక్కెం. పైటకు పెడితే ముందుకు వాలుతుంది, మెడలో వేస్తే తిరగబడుతుంది. గంటసేపటికి తీసి పర్సులో పడేస్తారు. గద్దె మీద శిల్పానికి బరువు అందమే. ఒంటి మీదికొచ్చేసరికి ఆ బరువు ఎక్కడ ఆనుతుందన్నదే అసలు డిజైను. ఒడిశాలోని మల్కాన్‌గిరి కొండల్లో బొండా తెగ స్త్రీలు మెడనిండా లోహపు కడియాలతో కొండెక్కి దిగుతారు. బరువు ఒక్క దారం మీద పడకుండా మెడ చుట్టూ, భుజాల మీదా పంచుకోబట్టే అది సాధ్యమవుతోంది.

ఇక్కడ చెప్పేది ఒక పతకం పని. ఎత్తు 55 మి.మీ., వెడల్పు 35, మందం 12, లోపల బోలు, వెనక పశువుల కొమ్ముతో చేసిన పలక. పోత ఢోక్రా పద్ధతిలో, అంటే మట్టి ముద్ద మీద మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం దించడం. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఈ పోత పోసే కుటుంబాలున్నాయి, మొదటిసారి వాళ్ల కొలిమిలోనే కాల్పించుకోవడం మేలు. మైనం పని మాత్రం మీదే కావాలి. శిల్పి మీరా ముఖర్జీ (1923–1998) ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పోతగాళ్ల దగ్గర ఈ విద్య నేర్చుకుని, దాన్నే పెంచి పెద్ద పెద్ద కంచు విగ్రహాలు పోశారు. మనం అదే విద్యను అరచేతిలోకి తెస్తున్నాం. చిన్నదైతే శిల్పం తేలిపోతుందని బెంగ అక్కర్లేదు, మొహెంజొదారో కంచు నర్తకి బొమ్మ ఎత్తే 10.5 సెంటీమీటర్లు.

బరువు ముందే తేల్చుకోండి

పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు. ఐదు నాణేలు గుడ్డలో మూటకట్టి, పతకం వేలాడాల్సిన చోట వేలాడదీసుకుని ఒక పూట ఇంటిపని చేయండి. అది 38 గ్రాముల బరువు. వంగినప్పుడు ఊగి గడపకు తగులుతోందా, మెడ వెనక తాడు కోస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. పతకానికి 40 గ్రాములు హాయిగా ఉంటాయి. తాడు వెడల్పుగా ఉంటే 70 దాకా పోవచ్చు. చెవికైతే కొక్కెంతో కలిపి 8 గ్రాములు దాటొద్దు. పైటకు పెట్టే బ్రూచ్ అయితే గుడ్డను బట్టి. కోట్‌పాడ్ నేత చీర దళసరి నూలు కాబట్టి 35 గ్రాములు మోస్తుంది, బరంపురం పట్టు మీద 20 దాటితే పోగులు జరుగుతాయి.

లోపలి మట్టి

పుట్టమన్ను రెండు పాళ్లు, సన్నటి ఏటి ఇసుక ఒక పాలు, ఎండబెట్టి జల్లించిన పేడ పొడి ఒక పాలు. పూరీ పిండిలా గట్టిగా కలిపి, పతకం ఆకారం కంటే చుట్టూ మిల్లీమీటరున్నర తగ్గించి ముద్ద చేయండి. పేడను తీసేసి ఒట్టి మన్నుతో చేస్తే ముద్ద నున్నగా బాగా కనిపిస్తుంది గానీ పోతలో ముంచుతుంది. ఇత్తడి గట్టిపడేటప్పుడు ఒకటిన్నర, రెండు శాతం కుంచించుకుంటుంది. లోపలి ముద్ద రాయిలా ఉంటే లోహం దాని మీద బిగుసుకుని చీలుతుంది. పేడ కాలిపోయి ఖాళీ వదిలితే ముద్ద నలిగి చోటిస్తుంది.

నీడలో రెండు రోజులు, ఎండలో ఒక రోజు ఆరనివ్వండి. పగుళ్లను అదే మట్టితో పూడ్చి, చిక్కుడాకు పసరు రుద్దితే పైన మైనం పట్టుకుంటుంది. ఇప్పుడు ముద్దను తూచి ఆ అంకె రాసిపెట్టుకోండి. దశాంశం దాకా చూపించే చిన్న తక్కెడ చాలు.

మైనం, జంతికల గొట్టం

తేనెమైనం మూడు పాళ్లు, గుగ్గిలం ఒక పాలు. గుగ్గిలాన్ని ఒడియా దుకాణాల్లో ఝుణ అని అడగండి. వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి మైనం కరిగించి, గుగ్గిలం పొడి కొద్దికొద్దిగా కలిపి, వంద గ్రాములకు ఒక చెంచా నూనె చుక్కలుగా వేసి, గుడ్డలో చల్లటి నీళ్లలోకి వడకట్టండి. తీగ వేలికి చుట్టినప్పుడు విరిగితే నూనె తక్కువ, వేలిముద్ర పడి సాగిపోతే గుగ్గిలం తక్కువ. రాయగడ వేసవిలో గుగ్గిలం పాలు పెంచక తప్పదు, లేకపోతే మధ్యాహ్నానికి బొమ్మ జారిపోతుంది.

తీగ తీసే పనిముట్టు మన జంతికల గొట్టమే, రంధ్రాలు మాత్రం 1.2 మి.మీ. కంసాలి దగ్గర ఇత్తడి బిళ్లకు రంధ్రాలు వేయించి గొట్టంలో అమర్చుకోండి. మైనం గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒత్తితే తీగ నునుపుగా దిగుతుంది.

తీగలు పక్కపక్కన చుట్టుకుంటూ ముద్దను కప్పుతారు. శిల్పమంతా ఈ చుట్టులోనే ఉంది, దీనికి కొలత చెప్పలేం. తీగ దిశ మారిన చోట వెలుగు మారుతుంది. కడుపు దగ్గర అడ్డంగా, భుజం దగ్గర నిలువుగా చుట్టి చూడండి, ఆకారం దానంతటదే తిరుగుతుంది. పైన చుక్కలు, సున్నాలు, చిలకలు అతికించి నింపేయాలన్న కోరిక పుడుతుంది, ఆపుకోండి. మార్కెట్లో ఢోక్రా లాకెట్లన్నీ ఒకేలా కనిపించడానికి కారణం అదే.

రెండు షరతులు. తీగకూ తీగకూ మధ్య సందు ఉండకూడదు, ఉండాలనుకుంటే ఒక మిల్లీమీటరు పైనే ఉండాలి. అరకొర సందులోకి లోహం పాకి పొర కడుతుంది, అది వేలికి కోసుకుంటుంది. ఇక మందం ఎక్కడా 0.8 మి.మీ. కంటే తగ్గొద్దు, తగ్గితే లోహం చివరిదాకా వెళ్లకముందే చల్లబడి చిల్లులు మిగులుతాయి. జాలీ అల్లితే సందుల్లోంచి పైమట్టి, లోపలి మట్టి అంటుకుని ముద్ద కదలదు. పూర్తిగా కప్పితే మాత్రం మిల్లీమీటరు మందం ఇనుప మేకులు మూడు, మైనంలోంచి ముద్దలోకి గుచ్చి సగం బయటకు వదలండి. ఇవి మరిస్తే మైనం కరిగాక ముద్ద ఒక పక్కకు జారుతుంది. ఆ పక్క చిల్లు, ఎదుటి పక్క రెట్టింపు మందం.

మళ్లీ వెనక వైపు

వెనక మధ్యలో 8 మి.మీ. వెడల్పు ఖాళీ వదలండి, పోత అయ్యాక మన్ను తోడేది ఇక్కడినుంచే. దాని చుట్టూ 2 మి.మీ. మందం, 5 మి.మీ. పొడవున్న మైనపు పుల్లలు మూడు నిలబెట్టండి. అవి ఇత్తడి మేకులై కొమ్ము పలకను పట్టుకుంటాయి.

తాడు దూరే దారి ముందునుంచి వెనక్కి ఉంటే పతకం పక్కకు తిరుగుతుంది, కుడినుంచి ఎడమకు ఉండాలి. అగరుబత్తి పుల్లకు మట్టి పట్టించి 4 మి.మీ. కడ్డీ చేసి, దానిమీద మైనపు తీగ చుట్టి గొట్టంలా అతికించండి. ఎత్తులో పై మూడో వంతులో, మందంలో వెనక అంచుకు దగ్గరగా పెట్టాలి. అలా పెడితే పతకం అడుగు ఛాతీ వైపు వాలి కుదురుగా ఆనుతుంది. గొట్టం ముందు వైపుకు జరిగితే అడుగు లేచి నిలబడుతుంది. బ్రూచ్‌కూ ఇదే లెక్క: పిన్ను పై మూడో వంతులో, 25 మి.మీ. ఎడంతో రెండు పిన్నులు.

ఇప్పుడు మళ్లీ తూచండి. మొదటి అంకెనూ, తర్వాత చేర్చిన మట్టి కడ్డీ, ఇనుప మేకుల బరువునూ తీసేస్తే మైనం బరువు వస్తుంది, దాన్ని తొమ్మిదితో గుణిస్తే ఇత్తడి బరువు. 4 గ్రాముల మైనమైతే 36 గ్రాముల పతకం. ఎక్కువొస్తే తీగ ఒలిచెయ్యడానికి ఇదే ఆఖరి అవకాశం. మట్టి పూశాక చేసేదేమీ లేదు.

పోత దారి కోసం 5 మి.మీ. మైనపు కడ్డీని బాగా మందంగా ఉన్న చోట అతికించండి. సన్నటి చోట పెడితే దారి ముందే గడ్డకట్టి, మందమైన భాగంలో గుంట పడుతుంది. దూరపు కొసలనుంచి 1.5 మి.మీ. తీగలు గాలి దారులుగా పోత దారి మూతి దాకా తేవాలి. ఈ కడ్డీలు 2.5 గ్రాములైతే వాటికి ఇంకో 22 గ్రాముల లోహం. పతకంతో కలిపి 58, తరుగుకు కొంత కలిపి 70 గ్రాముల ఇత్తడి సిద్ధం చేసుకోండి.

పైమట్టి, కొలిమి

గుడ్డలో జల్లించిన పుట్టమన్ను, బొగ్గు పొడి సమంగా, పేడ నీళ్లతో దోసెపిండి జారులో కలిపి కుంచెతో రెండు పూతలు. తీగల మధ్య గాలి బుడగ మిగిలితే అది ఇత్తడి పొక్కుగా వస్తుంది. ఒక్కో పూత నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే మైనం సాగి పూత పగులుతుంది. ఆ పగులు పతకం మీద రెక్కలాంటి పొరగా మిగులుతుంది. ఆపైన ఊక కలిపిన ముతక మట్టి 15 మి.మీ. దళసరి. మూడు నాలుగు రోజులు ఆరాలి, వానాకాలంలో వారం పైనే. ఆరిందని చేత్తో తేల్చొద్దు. రోజూ తూచి, రెండు రోజులు వరసగా ఒకే బరువొస్తే ఆరినట్టు. తడి మిగిలిన అచ్చు కొలిమిలో ఆవిరికి పేలుతుంది.

మూతి కిందికి ఉంచి నిప్పుల సెగన అరగంట పైన పెడితే మైనం కారిపోతుంది, కింద నీళ్ల పళ్లెం పెట్టి పట్టుకోండి. తర్వాత మూతి మీద నిమ్మకాయంత మట్టి కుప్పె కట్టి, అందులో ఇత్తడి ముక్కలు వేసి, మూసి, మళ్లీ పూర్తిగా ఆరబెట్టండి. లోహం కరిగే మూస, అచ్చు ఒకటే కాబట్టి కరిగిన లోహాన్ని పోసే ప్రమాదం ఉండదు.

ఏ ఇత్తడి అన్నది ముఖ్యం. పాత చెంబులు, పళ్లేల రేకు మంచిది. కుళాయిల ఇత్తడిలో మర మీద సులువుగా తెగేందుకు రెండు మూడు శాతం సీసం కలుపుతారు, ఒంటికి తగిలే వస్తువుకు వద్దు. కంచు గిన్నెలు కూడా వద్దు, తీగ సన్నమైతే అది గాజులా విరుగుతుంది. జర్మన్ సిల్వర్‌లోని నికెల్ చాలామందికి దురద తెస్తుంది.

కుప్పె కిందికి ఉండేలా బొగ్గులో పాతి బ్లోయర్ పెట్టండి. ఇత్తడి 900–940 డిగ్రీల మధ్య కరుగుతుంది. జింకు 907 దగ్గరే మరుగుతుంది, అతుకుల్లోంచి ఆకుపచ్చ ఛాయ మంట, తెల్లటి పొగ వచ్చేది అందుకే. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఆరుబయట, గాలివాలుకు ఎగువన నిలబడండి. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు. కింద పొడి ఇసుక ఉండాలి, సిమెంటు గచ్చు మీద లోహం ఒలికితే గచ్చు పెచ్చులు ఎగురుతాయి.

గంట, గంటన్నరకు అచ్చు నారింజ రంగుకు వస్తుంది. పటకారుతో కాస్త కదిపితే లోపలి కదలిక చేతికి తెలుస్తుంది. తెలిశాక ఇంకో ఐదు నిమిషాలు ఆగి, బయటకు తీసి, ఒకే ఊపున తలకిందులు చేసి ఇసుకలో నిలబెట్టండి. సగంలో ఆగి మళ్లీ వంచితే లోహం రెండు విడతలుగా దిగి మధ్యలో గీత పడుతుంది, పతకం అక్కడే విరుగుతుంది. నీళ్లు చల్లకుండా దానంతటది చల్లారనివ్వండి.

కొమ్ము పలక, మేకులు

అచ్చు పగలగొట్టి, పోత దారి రంపంతో కోసి, లోపలి మన్నంతా మేకుతో తోడండి. ముందు వైపు తీగ గీతల్ని తాకొద్దు, చింతపండు గుజ్జు, ఇత్తడి బ్రష్ చాలు. ఒంటికి, గుడ్డకు తగిలే అంచులు మాత్రం ఆకురాయి పట్టి, 400 నుంచి 1000 నంబరు గరుకు కాగితం దాకా నునుపు చేయండి. పాత నైలాన్ మేజోడు అంచులవెంట లాగండి, పోగు తగులుకుంటే ఇంకా పని ఉంది.

ఇత్తడి చెమటకు పచ్చ మరక పెడుతుంది, అందుకే వెనక కొమ్ము. పర్లాకిమిడిలో కొమ్ము దువ్వెనలు, పక్షులు చేసే పనివాళ్ల దగ్గర 2 మి.మీ. చదును పలక అడగండి. పశువుల కొమ్మే అడగాలి. జింక కొమ్ము వ్యాపారం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పలకలో రంధ్రాలు మేకుల మందం కంటే వెంట్రుకవాసి వదులుగా వేయండి, వానాకాలంలో కొమ్ము ఉబ్బుతుంది. ఇత్తడి మేకుల్ని ముందే మసక ఎరుపుకు కాల్చి చల్లార్చి మెత్తబరచాలి, కొమ్ము ఎక్కించాక నిప్పు చూపిస్తే అది బుడగలెత్తి కమురు వాసన కొడుతుంది. మేకు ఒక మిల్లీమీటరు పైకి ఉండేలా కోసి, గుండ్రటి మొన సుత్తితో చిన్న దెబ్బలు చుట్టూ తిప్పుతూ వేయండి. ఒక్క పెద్ద దెబ్బకు పలక చీలుతుంది.

టంకం పెడితే తొందరగా అయిపోతుంది నిజమే. కానీ బోలులో తడి మన్ను మిగిలితే టంకం సెగకు పేలుతుంది. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976) దాదాపు 1,800 నగలు చేసి, చాలావాటిని తీగ మెలికలు, మేకులతోనే కూర్చాడు. అతుకు కనబడటం ఆయనకు లోపం కాదు, గీతలో భాగం.

కదిలే నగ కావాలంటే గంజాం జిల్లా బెలగుంఠ ఇత్తడి చేపను చేతిలోకి తీసుకుని వంచి చూడండి. విడి భాగాలు ఒకదానిలో ఒకటి దూరి ఒళ్లంతా మెలి తిరుగుతుంది. మెడపట్టీకి అదే సూత్రం: భాగానికీ భాగానికీ అర మిల్లీమీటరు సందు, లోపలి అంచులన్నీ గుండ్రం, లేకపోతే మెడ వెనక వెంట్రుకలు చిక్కుకుంటాయి.

బరంపురం, గోపాలపురం వైపు ఉప్పు గాలికి ఇత్తడి నెలలోపే నల్లబడుతుంది. వేసుకుని తీశాక పొడిగుడ్డతో తుడిచి, తేనెమైనం పలుచగా రుద్ది, గాలి చొరని డబ్బాలో పెట్టండి. చింతపండు పట్టించాల్సి వస్తే ముందు వైపుకే, ఐదు నిమిషాలే. కొమ్మును నీళ్లలో నానబెడితే పలక వంగి మేకులు వదులవుతాయి.