పాత లారీ ఇంజన్ బాగుచేత, 5వ పాఠం: వేడెక్కగానే ముల్లు ఎందుకు పడిపోతుంది?

గత పాఠంలో ఇంజన్ కట్టడం పూర్తిచేసి స్టార్ట్ చేశాం. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు (చదరపు అంగుళానికి) 45 పౌండ్ల దగ్గర నిటారుగా నిలబడింది. ఇరవై నిమిషాలు తిరిగి వేడెక్కాక, ఐడిలింగ్‌లో 5కు జారింది. ఇక్కడ చాలామంది చేసే మొదటి పని కొత్త ఆయిల్ పంపు కొనడం. అది చివరి పని కావాలి.

పంపు ప్రెషర్‌ను పుట్టించదు, ఆయిల్‌ను తోస్తుంది. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడటానికి ఎంత ఇబ్బంది పడితే గేజులో అంత ప్రెషర్ కనిపిస్తుంది. సందు రెట్టింపైతే కారే ఆయిల్ రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి పంపు బలమెంత అన్నది తర్వాతి సంగతి. ఆయిల్ ఎక్కడినుంచి తప్పించుకుంటోందో ముందు తేల్చుకోవాలి.

అంతకంటే ముందు గేజును అనుమానించండి. ఎలక్ట్రిక్ గేజు అయితే బ్లాకు మీదున్న సెండర్ (ప్రెషర్‌ను గేజుకు చేరవేసే భాగం) విప్పి, అదే రంధ్రంలో ఒక మెకానికల్ గేజు బిగించండి. గేజు మీద, సెండర్ మీద నమ్మకంతో ఇంజన్ విప్పినవాళ్ల జాబితాలో నేనూ ఉన్నాను. తర్వాత మీ ఇంజన్‌కు ఎంత ప్రెషర్ ఉండాలో దాని సర్వీసు పుస్తకంలో చూడండి. ప్రెషర్ ఫీడ్ ఉన్న, అంటే బేరింగులకు ఆయిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజన్లకు ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పౌండ్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఈ లెక్క అన్ని ఇంజన్లకూ కుదరదు. 1953 వరకు వచ్చిన షెవ్రొలె 216 ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లకు ఆయిల్ చిమ్మడం ద్వారానే అందేది, దానికి 15 పౌండ్ల చుట్టుపక్కల ఉండటమే ఆరోగ్యం. అలాంటి ఇంజన్ యజమాని 40 కోసం ఆరాటపడితే తిప్పలే.

గేజు నిజం చెబుతోందని తేలాక నాలుగు అంకెలు రాసుకోండి: చల్లని ఐడిలింగ్, చల్లని 2000 ఆర్‌పీఎం, వేడి ఐడిలింగ్, వేడి 2000. రోగం సగం ఈ నాలుగింటిలోనే బయటపడుతుంది. చల్లగా బాగుండి వేడెక్కాక పడితే సందులు ఎక్కువ, లేదా ఆయిల్ పలచబడింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన ఉండి మట్టం పెరిగిందంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగి ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడూ తక్కువే ఉంటే రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను వదిలేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుంది, లేదా ఆయిల్ దారిని మూసే ప్లగ్ ఎక్కడో ఒకటి లేదు. వేగం పెంచినప్పుడు ముల్లు వణికితే పంపు గాలి పీలుస్తోంది. స్ట్రైనర్ గొట్టం జాయింటునూ ఆయిల్ మట్టాన్నీ చూడండి.

రిలీఫ్ వాల్వ్ విప్పడం తేలిక కనుక ముందు దాని సంగతి తేల్చేద్దాం. పిస్టన్ దాని గదిలో సొంత బరువుకే జారాలి. మెషినింగ్‌లో మిగిలిన లోహపు పొడి ఒక్క రవ్వ చాలు, అది తెరుచుకునే ఉండిపోవడానికి. స్ప్రింగు కింద వాషరు వేసి బిగించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వేడి ఐడిలింగ్‌లో 5 పౌండ్లున్నప్పుడు సరిగ్గా పనిచేసే ఆ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది. వాషరు పెంచేది గరిష్ఠ ప్రెషర్‌నే, మీకు కావలసిన చోట అది ఒక్క పౌండు కూడా ఇవ్వదు.

ఇప్పుడు అసలు పరీక్ష. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పేయండి. ఎస్‌ఏఈ 30 ఆయిల్ నింపిన ప్రెషర్ డబ్బాను ఆయిల్ గ్యాలరీకి (బ్లాకు లోపల ఆయిల్ పారే ప్రధాన దారికి) కలిపి, 25 పౌండ్ల గాలి పెట్టండి. లైటు తీసుకుని ఇంజన్ కిందకు దూరండి. ఒక్కో మెయిన్ బేరింగు అంచు దగ్గర చూపు నిలపండి, వాచీ పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టండి. నిమిషానికి 20 నుంచి 150 చుక్కలు పడితే సందు సరిగ్గా ఉంది. చుక్కలు విడిపోకుండా దారంలా కారితే అక్కడ సందు ఎక్కువ. ఒక్క చుక్క కూడా పడని బేరింగు ఇంకా ప్రమాదకరం. దాని దారి మూసుకుపోయింది, లేదా షెల్‌లోని (బేరింగు సగం ముక్కలోని) రంధ్రం బ్లాకు రంధ్రంతో కలవలేదు. క్రాంక్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు మాత్రం ఏ బేరింగు నుంచైనా ధార వస్తుంది, దాన్ని చూసి బెదిరిపోకండి.

ఈ పరీక్ష నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఒకసారి బేరింగులన్నీ చక్కగా చుక్కలు రాలుస్తుంటే, టైమింగ్ కవర్ లోపల మాత్రం కుళాయి విప్పినట్టు చప్పుడు. బ్లాకు కడిగేటప్పుడు నేనే తీసిన గ్యాలరీ ప్లగ్ బల్ల మీద గుడ్డ కింద దొరికింది! ఆ రంధ్రాన్ని ఎన్ని కొత్త పంపులూ పూడ్చలేవు.

బేరింగు అనుమానమొస్తే షెల్ వీపు మీది ముద్ర చదవండి. క్రాంక్‌ను 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) రుద్దించి ఉంటే అన్ని షెల్‌ల మీదా 020 ఉండాలి. బేరింగు రెండు సగాల్లో ఒక్కటి 010 కలిసినా సందు 5 థౌ పెరుగుతుంది. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో అంగుళానికి ఒక థౌ సందు అన్నది సాధారణ కొలత కాబట్టి, రెండున్నర అంగుళాల జర్నల్‌కు ఉండవలసింది రెండున్నర థౌ. అంటే ఆ ఒక్క సగం వల్ల సందు మూడు రెట్లయింది. కామ్ బేరింగుల్ని కూడా వదలొద్దు. కంటికి కనబడవు గనుక చాలామంది పాతవాటినే ఉంచేస్తారు, ధార అక్కడినుంచీ రావచ్చు.

వచ్చే పాఠంలో పంపు విప్పి, గేర్లకూ మూతకూ మధ్య సందును ఫీలర్ గేజుతో కొలుద్దాం. ఆలోపు మీ నాలుగు అంకెలు, ఏ బేరింగు నిమిషానికి ఎన్ని చుక్కలు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.