మట్టి పదును తెలుసుకోవడం: ఇంటిల్లిపాదీ కలిసి కుండ చేసే తీరు

కుండ సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద పుడుతుందని చాలామంది అనుకుంటారు. చూడవచ్చినవారు సారె దగ్గరే నిలబడతారు, ఫొటోలూ అక్కడే తీసుకుంటారు. మా ఇంట్లో మాత్రం సారె మీద చెడిన కుండలు తక్కువ. మట్టి కలపడంలోనూ, నీడన ఆరబెట్టడంలోనూ తొందరపడినందుకు పగిలినవే ఎక్కువ. కాబట్టి ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు ముందుగా నేర్చుకోవలసినది చేతివేగం కాదు, పదును, అంటే ఏ పనికి మట్టిలో ఎంత తడి, ఎంత మెత్తదనం ఉండాలో తెలియడం. తాతతో మొదలుకొని బడికి వెళ్లే పిల్లల వరకు అందరి చేతులూ పడే మా పనిలో ఆ పదును ఎక్కడెక్కడ ఎలా చూస్తామో క్రమంగా వివరిస్తాను.

ఏడాదికి సరిపడే మట్టిని వేసవిలో, చెరువు ఎండినప్పుడే తెచ్చుకోవాలి. పైపొరలో వేర్లు, చెత్త, నత్తగుల్లలు ఉంటాయి గనుక దానిని పక్కకు తీసి, కింది బంకమట్టిని తవ్వాలి. నత్తగుల్లను చిన్నదే కదా అని వదిలేయకూడదు. అది ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో కాలి సున్నమవుతుంది. కుండ చల్లారిన కొన్ని రోజులకు గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, గోడ నుంచి బిళ్లలాంటి పెచ్చును ఊడగొడుతుంది. అమ్మిన తరువాత కొన్నవారి ఇంట్లో ఇలా జరిగితే పోయేది ఒక్క కుండ మాత్రమే కాదు.

తెచ్చిన మట్టిని రెండు విధాలుగా పరీక్షించాలి. తడిపిన మట్టిని పెన్సిలంత లావు తాడుగా చేసి వేలికి చుట్టితే పగుళ్లు రాకూడదు. ఆ తరువాత అరచేతి మందాన బిళ్లలాగా చరిచి, దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడన పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ కొలవాలి. గీత 9 సెంటీమీటర్లకంటె తగ్గితే ఆ మట్టి మరీ జిగురుదని అర్థం. అటువంటిదానిలో సన్నని ఇసుకో, జల్లించిన బూడిదో కలపాలి. మా తాత ఈ కొలత ఎన్నడూ తీయలేదు, మట్టిని పంటి కింద పెట్టుకొని ఇసుక ఎంతుందో చెప్పేసేవాడు. అంతటి అనుభవం లేనివారికి స్కేలే మేలు.

మట్టిగడ్డలను చితక్కొట్టి, బాగా ఎండబెట్టిన తరువాతే నీటి గుంతలో వేయాలి. సగం తడిగా ఉన్న గడ్డ రోజుల తరబడి నానినా నడిమి భాగం గట్టిగానే ఉండిపోతుంది. పూర్తిగా ఎండిన గడ్డ మాత్రం నీళ్లు తగలగానే తనంతట తానే విచ్చుకుంటుంది. ఈ గుంత మా ఇంట్లో అమ్మ అధీనంలో ఉంటుంది. పలుచని మట్టినీటిని జల్లెడ పట్టి, తేరనిచ్చి, పైనీరు తీసేసి, మిగిలిన ముద్దను తడి గోనెపట్టా కింద కనీసం నాలుగైదు రోజులు మాగబెడుతుంది. ఆ తరువాత దానిని కాళ్లతో తొక్కాలి. ఆదివారాలు పిల్లలు సంతోషంగా చేసే పని ఇదొక్కటే. ముద్దను దారంతో అడ్డంగా కోసినప్పుడు కోత ముఖంలో గాలి బుడగలు గానీ, రంగు తేడా చారలు గానీ కనిపించకూడదు.

సారె పని గురించి రాసి నేర్పగలిగింది కొంచెమే. ముద్ద సరిగ్గా నడుమ నిలవకముందే వేలు దింపితే గోడ ఒకవైపు పలుచన అవుతుంది. మోటారు సారె వచ్చాక నాన్నకు భుజం నొప్పి తగ్గింది గనుక దానిని కాదనలేము. తడి చేతులతో స్విచ్చు ముట్టకుండా చూసుకోవడమే అక్కడి జాగ్రత్త. సారె మీద పూర్తయ్యేవి అంచు, మెడ మాత్రమే. కడుపు, అడుగు దళసరిగా వదిలి, దారంతో కోసి దించాలి.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. దించిన కుండను నీడన ఉంచి, వేలితో నొక్కితే గుర్తు పడీపడనట్టుగా ఉండే పదునుకు రానివ్వాలి. అప్పుడు లోపల బూడిద చల్లి, ఎడమచేతితో రాతిగుండును లోపలి గోడకు ఆనించి, కుడిచేతిలోని చెక్కతో బయటి నుంచి తట్టుతూ కడుపును పెంచి, అడుగును గుండ్రం చేయాలి. పదును రాకముందు తట్టితే చెక్కకు మట్టి అంటుకొని వస్తుంది, దాటిన తరువాత తట్టితే నెర్రె పడుతుంది. ఒక్కసారికి పని తీరదు. తట్టి ఆరబెట్టి, మళ్లీ తట్టి, రెండు మూడు విడతలుగా గోడను సన్నం చేయాలి. ఈ లోపల అంచు త్వరగా ఆరిపోతుంది గనుక దాని మీద తడిగుడ్డ కప్పి ఉంచాలి. గాలి ఒకవైపు నుంచే వీచే వసారాలో కుండలను పూటకొకసారి తిప్పడం నాయనమ్మ పని. ఆమె గోరుతో మీటి, ఏది ఈ సాయంత్రానికి తయారవుతుందో, ఏది రేపటిదాకా ఆగాలో చెబుతుంది. ఆ మాటకు నాన్న కూడా ఎదురు చెప్పడు. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్న సామెత (కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని) మా వసారాలో అక్షరాలా నిజం గనుక, పిల్లల బంతాటకు అక్కడ చోటు లేదు.

ఆషాఢంలో బోనాల కుండలకు, ఆ తరువాత దీపావళి ప్రమిదలకు గిరాకీ వచ్చేది వానల కాలంలోనూ, దాని వెనువెంటనేను. అందుచేత వాటిలో వీలైనన్ని ఎండలున్నప్పుడే చేసి ఆరబెట్టుకోవడం మంచిది. జాజుపూత (ఎర్రమట్టి పూత) పూసి నునుపురాయితో రుద్దవలసినవాటిని మాత్రం, పూర్తిగా ఎండకముందే రుద్దాలి.

ఆవం పేర్చే నాడు ఇంటిల్లిపాదీ ఉండాలి. పెద్ద కుండలు అడుగున, చిన్నవి పైన, మధ్యమధ్య పిడకలు, కంప పెట్టి, పైన గడ్డి పరచి, మట్టి మెత్తాలి. పొగ పోవడానికి కంతలు వదలాలి. మొదటి కొన్ని గంటలు చిన్న మంట మాత్రమే వేయాలి, ఎందుకంటే గోడలో మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే కుండ పేలిపోతుంది. తడి పోయిందో లేదో తెలియడానికి చల్లని ఇనుప పళ్లేన్ని కొద్దిసేపు కంత మీద పట్టి చూడాలి. పళ్లేనికి చెమ్మ పట్టినంతసేపూ మంట పెంచకూడదు. కాల్పు పూర్తయిన తరువాత కూడా తొందర పనికిరాదు. సుమారు 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని ఇసుక రేణువుల పరిమాణం హఠాత్తుగా మారుతుంది. ఆ వేడిలో చల్లగాలి సోకితే గోడ చీలుతుంది. చేయి పెట్టగలిగేటంతగా చల్లారిన తరువాతే ఆవాన్ని విప్పాలి. గాలి బాగా ఆడిన కుండ ఎర్రగా, పొగలో మగ్గినది నల్లగా వస్తుంది.

ప్రతి కుండనూ వేలికణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగురు శబ్దం వస్తే ఎక్కడో కంటికి కనబడని చీలిక ఉందని గుర్తించి అమ్మకానికి పెట్టకూడదు. నీళ్ల కుండ చెమర్చడం లోపం కాదని కొనేవారికి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ చెమట ఆవిరి కావడం వల్లనే నీళ్లు చల్లబడతాయి. గాలిలో ఉక్క ఎక్కువగా ఉండే కోస్తాలో కంటె పొడిగాలుల రాయలసీమ, తెలంగాణ ఎండల్లో అదే కుండ మరింత బాగా చల్లబరుస్తుంది. కాలకముందు పగిలినది తిరిగి అమ్మ గుంతలోకి పోతుంది. కాలిన తరువాత పగిలినది మట్టిగా మారదు. ఆ పెంకులను వసారా మూలన పోగు చేసి, వచ్చే ఆవానికి గడ్డి కింద కప్పుగా వాడతాము.