పాత యుద్ధ విమానాల ఫొటోగ్రఫీ – 4వ పాఠం: ప్రొపెల్లర్ తిరగాలి

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. నేల మీద నిలబెట్టిన విమానం చుట్టూ తిరిగి, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా పన్నెండు చోట్ల నుంచి ఫొటోలు తీయమన్నాను. చేసినవాళ్ళకి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానాలైన స్పిట్‌ఫైర్ రెక్క ఎక్కడ సన్నబడుతుందో, హరికేన్ వీపు ఎందుకు గూనిలా కనిపిస్తుందో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఈ పాఠంలో ఆ విమానం గాల్లోకి లేస్తుంది.

నేను మొదటిసారి ఎయిర్ షో చూసింది ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్‌కి దక్షిణాన ఉన్న డక్స్‌ఫర్డ్‌లో. ఇప్పుడది ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ ఏరోడ్రోమ్. బ్రిటిష్ వైమానిక దళంలో స్పిట్‌ఫైర్లు మొట్టమొదట చేరింది అక్కడే, 1938 ఆగస్టులో, 19వ స్క్వాడ్రన్‌కి. అలాంటి చోట స్పిట్‌ఫైర్ తలమీదుగా పోతుంటే చేతులు వణికాయి. వేగంగా పోయేదాన్ని వేగంగానే పట్టుకోవాలనుకుని షట్టర్ 1/2000 మీద, అంటే సెకనులో రెండు వేలో వంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టి తీశాను. ఇంటికొచ్చి చూస్తే రివెట్లు కూడా లెక్కపెట్టొచ్చు, అంత పదునుగా వచ్చాయి. కానీ ప్రొపెల్లర్ నాలుగు బ్లేడ్లూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంజిన్ ఆగిపోయిన విమానాన్ని దారం కట్టి ఆకాశంలో వేలాడదీసినట్టుంది. ఆ మధ్యాహ్నమంతా స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్ చప్పుడు నా గుండెల్లో మోగింది. ఫొటోలో ఆ చప్పుడు జాడే లేదు.

ఈ పాఠమంతా ఆ చప్పుడు కోసమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి లాంకాస్టర్ బాంబర్లు మొత్తం 7,377 కట్టారు. ఈరోజు ఎగరగలిగే స్థితిలో మిగిలినవి రెండే: ఇంగ్లండ్‌లో కానింగ్స్‌బీ దగ్గర ఒకటి, కెనడాలో హామిల్టన్ దగ్గర ఒకటి. అలాంటిది బతికి ఎగురుతుంటే, అది బతికుందని ఫొటోలో తెలియాలి కదా. తెలియజెప్పేది ప్రొపెల్లరే.

ముందు కాస్త లెక్క చూద్దాం. ప్రొపెల్లర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకెని 6తో గుణించండి. సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో వస్తుంది. దాన్ని షట్టర్ అంకెతో (1/250 అయితే 250తో) భాగిస్తే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో బ్లేడు ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది.

స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. మెర్లిన్ ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా ప్రొపెల్లర్ అంత వేగంగా తిరగదు. మధ్యలో గేరు ఉంటుంది, ప్రొపెల్లర్‌కి అందేది సగం కన్నా తక్కువే. ప్రదర్శనలో ప్రొపెల్లర్ నిమిషానికి 1,100 చుట్లు తిరుగుతోందనుకోండి. 6తో గుణిస్తే సెకనుకి 6,600 డిగ్రీలు. 1/2000 దగ్గర బ్లేడు జరిగేది 3 డిగ్రీల పైచిలుకు, అంటే కదలనట్టే. 1/250 దగ్గర 26 డిగ్రీలు. 1/125 దగ్గర 53. 1/60కి వచ్చేసరికి 110.

ఇప్పుడు బ్లేడ్లు లెక్కపెట్టండి. స్పిట్‌ఫైర్లలో చాలా రకాలున్నాయి, వాటిని మార్క్ నంబర్లతో పిలుస్తారు. మార్క్ 9 స్పిట్‌ఫైర్‌కి నాలుగు, అంటే ఒక బ్లేడుకీ ఇంకో బ్లేడుకీ మధ్య 90 డిగ్రీలు. 1/60 దగ్గర ఒక బ్లేడు పక్క బ్లేడు చోటుని దాటి పోతుంది కాబట్టి ప్రొపెల్లర్ మొత్తం గుండ్రటి పళ్ళెంలా కనిపిస్తుంది. మార్క్ 5కి మూడే బ్లేడ్లు, మధ్య దూరం 120 డిగ్రీలు, నిండు పళ్ళెం కావాలంటే 1/50కి దిగాలి. గ్రిఫన్ ఇంజిన్ ఉన్న మార్క్ 14కి ఐదు బ్లేడ్లు, దానికి 1/80 చాలు. హార్వర్డ్ శిక్షణ విమానానికి రెండే బ్లేడ్లు, కానీ గేరు లేదు, ఇంజిన్ తిరిగినంత వేగంగానే ప్రొపెల్లరూ తిరుగుతుంది. అందుకే 1/125 దగ్గరే దాని బ్లేడు 90 డిగ్రీలు దాటుతుంది. మన వైమానిక దళం వింటేజ్ ఫ్లైట్‌లో హార్వర్డ్ ఉంది. వాయుసేన దినోత్సవానికి వెళ్ళే వీలున్నవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

నిండు పళ్ళెం రావాలన్న పంతం మాత్రం మొదట్లోనే పెట్టుకోకండి. బ్లేడు 40, 50 డిగ్రీలు జరిగినా చాలు, ఇంజిన్ తిరుగుతోందని కంటికి తెలిసిపోతుంది. మొదటి షోలో 1/160 దగ్గర మొదలుపెట్టండి. కార్డులో నాలుగు మంచి ఫొటోలు పడ్డాక 1/125కి, అక్కణ్ణుంచి 1/80కి దిగండి. 1/60 దగ్గర నేను ఒక మధ్యాహ్నమంతా తీసిన 300 ఫొటోల్లో నిలబడినవి తొమ్మిది. ఆ తొమ్మిదిటినీ ఇప్పటికీ చూసుకుంటూ ఉంటాను.

దీన్ని సాధన చేయడానికి ఎయిర్ షో దాకా ఆగక్కర్లేదు, తలెత్తి చూడండి. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను ఫుల్లులో పెడితే నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంది. నేల మీద నిలబడి ఇంజిన్ నెమ్మదిగా తిప్పుకుంటున్న స్పిట్‌ఫైర్ ప్రొపెల్లర్ వేగం కూడా దాదాపు అంతే. ఫ్యాను కింద పడుకుని 1/125, 1/30, 1/15 దగ్గర ఒక్కో ఫొటో తీయండి. మొదటిదాంట్లో మూడు రెక్కలూ విడివిడిగా, అంచులు మాత్రం కాస్త చెరిగి ఉంటాయి. మూడోదాంట్లో రెక్కలే ఉండవు, పల్చటి పొగలాంటి గుండ్రం ఉంటుంది. గాల్లో ఉన్న విమానానికి 1/125 సరిపోయినా, రన్‌వే వైపు మెల్లగా నడుచుకుంటూ పోయే అదే విమానానికి ఎందుకు చాలదో ఆ ఫ్యానే చెబుతుంది. నేల మీద 1/30, ఇంకా తక్కువ కావాలి. చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. గాల్లో బాగా తీసి, దిగాక అదే షట్టర్‌తో తీసి పాడుచేసుకుంటారు.

ఫోనుతో తీసేవాళ్ళకీ, కెమెరాలో చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడేవాళ్ళకీ ఒక హెచ్చరిక. అక్కడ సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారిగా పట్టుకోదు, పై వరస నుంచి కింది వరసకి చదువుకుంటూ వస్తుంది. ఈలోగా బ్లేడు జరిగిపోతుంది. ఫలితంగా బ్లేడ్లు కొడవళ్ళలా వంగిపోతాయి, కొన్నిసార్లు ముక్కు నుంచి విడిపోయి గాల్లో తేలుతున్నట్టుంటాయి. కెమెరాలో మెకానికల్ షట్టర్ ఉంటే దాన్నే ఎంచుకోండి. ఫోను ఒక్కటే ఉన్నవాళ్ళు గాల్లో ఉన్నవాటిని వదిలేసి, ఇంజిన్ ఆగి ఉన్న విమానాలనీ, వాటి దగ్గర పనిచేసే మెకానిక్కులనీ తీయండి. అక్కడ మీకు దొరికేవి పెద్ద లెన్సులవాళ్ళకి దొరకవు.

ఇక అసలు కష్టం. షట్టర్ నెమ్మదిస్తే ప్రొపెల్లర్ ఒక్కటే చెదరదు, విమానమూ చెదురుతుంది. గంటకి 400 కిలోమీటర్ల వేగంతో పోయే స్పిట్‌ఫైర్ 1/125 సెకనులో దాదాపు 90 సెంటీమీటర్లు జరుగుతుంది. కాబట్టి కెమెరా దానితోపాటే తిరగాలి. దీన్నే ప్యానింగ్ అంటారు.

నిలబడే తీరు దగ్గర మొదలుపెడదాం. విమానం వచ్చే వైపు పాదాలు తిప్పి నిలబడితే అది మీ ఎదురుగా వచ్చేసరికి నడుము మెలిపడిపోతుంది, చెయ్యి కుదుపుకి లోనవుతుంది. పాదాలు ఫొటో తీయబోయే చోటికి ఎదురుగా ఉండాలి. నడుము మాత్రం విమానం వచ్చే వైపు తిప్పుకుని ఎదురుచూడాలి. అది వస్తుంటే నడుము తనంతట తాను సర్దుకుంటూ తిరుగుతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఉండాలి, పక్కన కాదు. విమానం చిన్న చుక్కగా ఉన్నప్పుడే ఫైండర్‌లోకి తెచ్చుకుని వెంబడించండి. బటన్ నొక్కాల్సిన సమయం వచ్చినప్పుడు గట్టిగా పొడవకండి, మెల్లగా నొక్కండి. ఐదారు ఫొటోల వరస పడ్డాక కూడా కెమెరా తిప్పడం ఆపకండి. ఫొటో పడింది కదా అని ఆగేవాళ్ళకి ఆఖరి రెండు ఫొటోలూ చెదురుతాయి, ఎందుకంటే ఆగాలనే ఆలోచన చేతికి ముందే చేరిపోతుంది.

కెమెరాని షట్టర్ వేగం మనమే ఎంచుకునే పద్ధతిలో పెట్టి, ఫోకస్ నిరంతరం వెంబడించేలా ఉంచండి. లెన్సులో కుదుపు ఆపే మీటకి మోడ్ 2 ఉంటే అదే వాడండి. అది పక్కకి తిరిగే కదలికని వదిలేసి పైకీ కిందికీ ఊగడాన్ని మాత్రమే ఆపుతుంది.

ఇంకో విషయం ఫొటోలు పెద్దవి చేసి చూసినప్పుడు మీకే కనిపిస్తుంది. ముక్కు పదునుగా ఉంటుంది, తోక చెదిరి ఉంటుంది. అది మీ చేతి తప్పు కాదు. విమానం ఏటవాలుగా వస్తున్నప్పుడు దగ్గరగా ఉన్న ముక్కు, దూరంగా ఉన్న తోక కన్నా వేగంగా జరుగుతున్నట్టు ఉంటుంది. ఒకే తిప్పుడుతో రెండిటినీ పట్టలేం. సరిగ్గా మన ఎదురుగా, పక్కవాటుగా ఉన్న క్షణంలోనే మొత్తం పొడవు పదునుగా వచ్చే అవకాశం ఎక్కువ. నెమ్మది షట్టర్‌ని ఆ క్షణానికి దాచుకోండి. ఏటవాలు ఫొటోల్లో పైలట్ కూర్చున్న చోటు పదునుగా ఉంటే చాలు, చూసేవాళ్ళ కన్ను ముందు అక్కడికే పోతుంది.

దీన్ని కూడా రోడ్డు పక్కన సాధన చేయొచ్చు. 400 కిలోమీటర్ల వేగంతో 200 మీటర్ల దూరంలో పోయే స్పిట్‌ఫైర్‌కి కెమెరా ఎంత వేగంగా తిప్పాలో, 40 కిలోమీటర్ల వేగంతో 20 మీటర్ల దూరంలో పోయే బైకుకీ సరిగ్గా అంతే వేగంగా తిప్పాలి. విశాఖ బీచ్ రోడ్డయినా, ట్యాంక్‌బండ్ అయినా, మీరుండే ఊళ్ళో ఏ రోడ్డయినా సరే. బండి నడిపే మనిషి ముఖానికి గురిపెట్టకుండా చక్రం ఇరుసుకి గురిపెట్టండి. ఇరుసు పదునుగా ఉండి చక్రం చువ్వలు కరిగిపోతే మీరు సిద్ధమైనట్టే.

ఎండ బాగా కాస్తే ఇంకో తంటా ఉంది. 1/60 దగ్గర ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100కి తగ్గించినా అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 20 దాకా మూసుకుపోతుంది. అంత మూస్తే బొమ్మ మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్ము ప్రతి ఫొటోలోనూ ఆకాశంలో మచ్చలుగా తేలుతుంది. రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే వెలుగు సగం కావడమో, రెట్టింపు కావడమో) వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దాన్ని లెన్సు ముందు వేసుకోండి. ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ పనికొస్తుంది.

డక్స్‌ఫర్డ్‌లో వెలుగు గురించి ఒక మాట. అక్కడ జనం రన్‌వేకి ఉత్తరాన నిలబడి దక్షిణం వైపు చూస్తారు, అంటే చాలాసేపు ఎండ మన ముఖానికే కొడుతుంది. విమానం నల్లటి నీడలా పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచుకోవాలి. పొద్దు పడమటికి వాలేకొద్దీ మైదానం పడమటి చివరికి, ట్యాంకులుంచిన హాలు వైపు నడవండి. అక్కణ్ణుంచి తూర్పుకి తిరిగితే ఎండ మీ వీపు మీద పడుతుంది. అయినా ఎదురెండని శాపంగా చూడకండి. నిండు పళ్ళెంలా తిరిగే ప్రొపెల్లర్‌కి వెనక నుంచి వెలుగు తగిలినప్పుడు ఆ గుండ్రం మెరుస్తుంది. నాకు మిగిలిన తొమ్మిది ఫొటోల్లో నాలుగు అలా పడ్డవే.

జెట్ విమానాలకి ఈ పాఠం వర్తించదు. 1/1000 పెట్టి తీసేయండి.

ఈ వారం పని: ఫ్యాను ఫొటోలు మూడు, బైకు ఫొటోలు వంద. బైకువి 1/160 దగ్గర యాభై, 1/60 దగ్గర యాభై. రెండు వరసల్లోనూ పదునైనవి ఎన్నో వేరువేరుగా రాసిపెట్టుకోండి, ఆ అంకెలతో ఆరో పాఠంలో పని ఉంది.

వచ్చే పాఠానికి లండన్‌లో హెండన్ దగ్గరున్న ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంకి వెళ్దాం, చీకటి హాళ్ళలో ఎలా తీయాలో చూద్దాం. అక్కడ మన ఊరి పేరుతో చుట్టరికం ఉన్న విమానం ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొన్నారు, అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కీ హైదరాబాద్ పేరే, దాని చిహ్నం నిజాం తలపాగా. హెండన్‌లో ఉన్నది 110వ స్క్వాడ్రన్ డీహెచ్ 9ఏ, నంబరు ఎఫ్ 1010. 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కి, ఆ తర్వాత పోలండ్ చేరి, 1977లో ఇంగ్లండ్‌కి తిరిగొచ్చింది. దాని ప్రొపెల్లర్ ఇక తిరగదు. అందుకని దానికి ట్రైపాడ్ తెచ్చుకోండి.