ఆఫర్ లెటర్‌లో ప్రొబేషన్ పేరాను చదవడం ఎలా?

బెంగళూరులో హెచ్‌ఆర్ ఉద్యోగం చేస్తున్న ఇన్నేళ్లలో, అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి మారతహళ్లి పీజీల్లో ఉంటూ తొలి కొలువులో చేరే మన పిల్లల ఆఫర్ లెటర్లు ఎన్నో చూశాను. జీతం అంకెను పదిసార్లు చూసుకున్నవారు కూడా ప్రొబేషన్ (పర్మినెంట్ చేసేముందు పనితీరు చూసే పరీక్షా కాలం) పేరాను పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టేస్తున్నారు. నన్ను బాధపెట్టే విషయం ఇదే.

ముందుగా మిమ్మల్ని ఏ వర్గంలో చేర్చుకుంటున్నారో చూడండి. పర్మినెంట్ పోస్టులో ప్రొబేషనర్‌గా తీసుకోవడం వేరు, ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికే ఉద్యోగం) వేరు, అప్రెంటిస్ (పని నేర్చుకునేందుకు తీసుకునేవారు) వేరు. లెటర్ ఎవరి పేరు మీద ఉందో చూస్తే, మీరు పనిచేయబోయే కంపెనీయే మీ యజమానా, లేక మధ్యలో మరో కాంట్రాక్టర్ ఉన్నాడా అన్నది తెలిసిపోతుంది. ‘కన్సల్టెంట్’ అని రాసి, పీఎఫ్ (భవిష్య నిధి) లేకుండా, 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకొని మిగతాది ఇస్తామంటే, అది ఉద్యోగం కాదని, మీరిచ్చే సేవకు ఫీజు చెల్లిస్తున్నారని అర్థం చేసుకోవాలి. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే మాత్రం భయపడనక్కర్లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) ప్రకారం, అలాంటివారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం) హక్కు వస్తుంది.

ఇక అసలు పేరా. ఇందులో మూడు విషయాలు వెతకాలి: గడువు ఎన్ని నెలలు, దాన్ని ఎంతవరకు పొడిగించవచ్చు, కన్ఫర్మేషన్ (పర్మినెంట్ చేయడం) ఎలా జరుగుతుంది. మూడోదే కీలకం. ‘కన్ఫర్మ్ చేసినట్టు రాతపూర్వకంగా తెలియజేసేంతవరకు ప్రొబేషన్ కొనసాగుతున్నట్టే భావించాలి’ అన్న వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. అది ఉంటే ఆరు నెలలు గడిచినంత మాత్రాన మీరు పర్మినెంట్ అయిపోరు. నిబంధనలు గరిష్ఠ గడువును నిర్ణయించి, అది దాటాక కూడా ఉద్యోగిని కొనసాగిస్తే కన్ఫర్మ్ అయినట్టేనని పంజాబ్ రాష్ట్రం, ధరమ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1968లో చెప్పింది; అది ప్రభుత్వ సర్వీసుకు సంబంధించిన తీర్పే అయినా, మీ లెటర్‌లో పొడిగింపుకు హద్దు రాసి ఉండడం ఎంత ముఖ్యమో దాన్నిబట్టి గ్రహించవచ్చు.

నాకు తెలిసిన ధర్మవరం అబ్బాయి ఒకడు ఎనిమిదో నెలలో లెటర్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కన్ఫర్మ్ అయ్యాక 60 రోజుల నోటీసు, ప్రొబేషన్‌లో ఉంటే 15 రోజులు అని అందులో ఉంది. తాను కన్ఫర్మ్ అయ్యాననే అనుకున్నాడు గానీ, కన్ఫర్మేషన్ లెటర్ ఎప్పుడూ అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. కారణం చెప్పకుండా 15 రోజుల్లో వెళ్లిపొమ్మన్నారు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961లోని 39వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే సహేతుకమైన కారణం ఉండాలి, నెల రోజుల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వాలి. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారికి ఈ చట్టం వర్తించదు, వాడిది ఆ హోదా కాదు. ఆ సెక్షన్‌ను ఉదహరిస్తూ మెయిల్ పెట్టించాను; నెల జీతం ఇచ్చారు. ఉద్యోగం మాత్రం నిలబడలేదు.

ప్రొబేషన్‌లో ఉన్నారన్న కారణంతో ఆపడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి. పీఎఫ్ వర్తించే ఉద్యోగికి చేరిన రోజు నుంచే జమ కావాలి, కన్ఫర్మ్ అయ్యాక మొదలుపెడతామంటే ఒప్పుకోవద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ‘ఉద్యోగి’ నిర్వచనంలోనే ప్రొబేషనర్‌ను, ట్రైనీని, అప్రెంటిస్‌ను చేర్చింది. కాబట్టి కొత్తగా చేరిన అమ్మాయి కూడా అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, ‘ముందు కన్ఫర్మ్ కానివ్వు’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకూడదు.

గడువు ముగియడానికి రెండు వారాల ముందే మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి మెయిల్ పెట్టండి. ‘నా ప్రొబేషన్ ఫలానా తేదీతో ముగుస్తోంది, కన్ఫర్మేషన్ లెటర్ గానీ, పొడిగిస్తే కారణాలు, కొత్త గడువు గానీ రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అని రాస్తే చాలు. ‘చూద్దాంలే’ అని నోటిమాటగా చెబితే, ఆ మాటనే ప్రస్తావిస్తూ అదే రోజు మరో మెయిల్ పంపండి. ఆఫర్ లెటర్, పేస్లిప్పుల కాపీలను సొంత మెయిల్‌లో ఉంచుకోండి, ఎందుకంటే ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు లాగిన్ కూడా పోతుంది.