స్టీలు హార్డ్‌టెయిల్ బరువుగా లాగుతోందా? ఫ్రేమును తిట్టే ముందు ఇవి చూడండి

షోలింగనల్లూరులో ఉద్యోగం చేసే మా బావమరిది స్టీలు హార్డ్‌టెయిల్ (ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ సైకిల్) కొన్న నెలకే ఫోను చేశాడు. "బావా, ఇనుము మోస్తున్నట్టుంది. అమ్మేసి అల్యూమినియంది కొంటా." ఆదివారం పొద్దున్నే వెళ్లి, ముట్టుకాడు దాకా నేనే తొక్కి చూశాను. ఫ్రేములో ఏ తప్పూ లేదు. కొండలు దిగడానికి చేసిన బండిని చదును నేల మీద తొక్కుతున్నాడు, అంతే. చెన్నై చుట్టుపక్కల మనం తిరిగేవి సరుగుడు తోటల్లో ఇసుక బాటలు, చెరువు గట్లు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కన మట్టిరోడ్లు. కొత్తది కొనేవాళ్లూ, కొని తిట్టుకుంటున్నవాళ్లూ వాటిని దృష్టిలో పెట్టుకుని చూడండి.

ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టుంది

స్టీలంటే బరువు అనే మాట నాన్నల కాలపు నల్ల సైకిళ్ల నుంచి వచ్చింది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు ఫ్రేము సుమారు రెండున్నర కిలోలు ఉంటుంది. మామూలు అల్యూమినియం ఫ్రేముతో తేడా కిలోకు అటూఇటూ, అంటే లీటరు నీళ్ల సీసా అంత. ఎత్తెక్కేటప్పుడు ఆ కిలో తెలుస్తుంది. చదునులో ఒకసారి ఊపందుకున్నాక కాలికి తెలిసేది టైరు రాపిడి, మధ్యాహ్నం అయితే సముద్రపు ఎదురుగాలి.

మావాడి బండికి 2.6 అంగుళాల టైర్లు, వాటికి పెద్దపెద్ద గుబ్బలు. తారు మీద గుంయ్‌మని మోత. గట్టి నేలకు 2.1 నుంచి 2.25 అంగుళాలు, నడిమి గుబ్బలు పొట్టిగా, దగ్గరగా ఉన్న టైరు చాలు. అవి మార్చాక అమ్ముతానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత గాలి. డెబ్భై కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 29 అంగుళాల చక్రానికి ముందు 26, వెనక 29 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. ఇసుక బాట తగిలితే నాలుగు తగ్గించండి. మరీ తగ్గిస్తే రాయి మీద రిమ్ము దిగి, ట్యూబుకు పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. రోడ్డు పక్క పంక్చర్ షాపులో "గట్టిగా కొట్టేస్తా సార్" అంటే ఒప్పుకోకండి, బండి బంతిలా ఎగురుతుంది. సన్న వాల్వు అయితే వాళ్ల పంపు అసలు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంచుకోండి.

ఒక్క చోట మాత్రం స్టీలుదే తప్పు. చవక బండ్లలో వాడే హైటెన్ స్టీలు గొట్టాలు మందంగా ఉంటాయి, బరువు నిజంగానే ఎక్కువ. అయస్కాంతం పెట్టి చూస్తే రెండిటికీ అతుక్కుంటుంది, అది అల్యూమినియం కాదని మాత్రమే తెలుస్తుంది. ఫ్రేము మీద 4130 (క్రోమోలీ రకం నంబరు) అనో క్రోమోలీ అనో ఉందేమో చూడండి. ఉత్త 'స్టీలు' అని రాసి ఉంటే అనుమానించండి.

నెమ్మదిగా వెళ్తే హ్యాండిల్ తనంతట తానే పక్కకు వాలుతోంది

ముందు ఫోర్కు బాగా ముందుకు చాచి ఉంది. హెడ్ యాంగిల్ (ఫోర్కు నేలతో చేసే కోణం) 65 డిగ్రీల దగ్గర ఉంటే నిటారు దిగుడుకు ధైర్యం ఇస్తుంది, చదునులో బద్ధకిస్తుంది. మన దారులకు 68 నుంచి 70 మధ్య ఎంచుకోండి. కొనేశాక చేయగలిగింది తక్కువ. ఫోర్కు ట్రావెల్ (అది కుంగగల దూరం) తగ్గించే వీలుంటే 120 మిల్లీమీటర్లను 100 చేయించండి, కోణం సుమారు ఒక డిగ్రీ పెరిగి ఫోర్కు నిటారవుతుంది.

పెడల్ నొక్కినప్పుడల్లా ముందుభాగం మునుగుతోంది

ఫోర్కు మెత్తగా ఉంది. మీరు కూర్చోగానే ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం మాత్రమే దిగాలి. గాలి ఫోర్కు అయితే పంపుతో సరిచేసుకోవచ్చు. చవక స్ప్రింగు ఫోర్కుకు ఆ వీలు లేదు, పైగా అదొక బరువు. కొనేటప్పుడే లాకౌట్ (ఫోర్కు కుంగకుండా బిగించే మీట) ఉన్నదా అని అడగండి.

కాళ్లు గిరగిరా తిరుగుతున్నా వేగం పెరగడం లేదు

చైను తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 30 పళ్లు, వెనకదానికి 11 పళ్లు ఉంటే, నిమిషానికి 80 తొక్కుళ్లకు 29 అంగుళాల చక్రం మీద గంటకు సుమారు 30 కిలోమీటర్లు. ముందు 34 పళ్లది వేస్తే దాదాపు 34. అంత పెద్దది వెనక గొట్టానికి తగలకుండా పడుతుందో లేదో షాపులోనే అడగాలి.

సీట్‌పోస్ట్ (సీటు కింది కడ్డీ) కదలడం లేదు, బీబీ (పెడళ్ల ఇరుసు) దగ్గర తుప్పు మరక

చెన్నైలో స్టీలు కొనేవాళ్లు నిజంగా టెన్షన్ పడాల్సింది దీని గురించే. ఉప్పుగాలి, చెమట, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. నీళ్లు సీటు గొట్టంలోంచి దిగి అడుగున పెడళ్ల ఇరుసు దగ్గర నిలుస్తాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు తింటుంది. అల్యూమినియం సీట్‌పోస్ట్ స్టీలు గొట్టంలో తడికి ఉంటే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి పట్టేస్తుంది.

వానలకు ముందొకసారి, తర్వాతొకసారి సీట్‌పోస్ట్ బయటికి తీయండి. బండిని తలకిందులు చేసి నీళ్లు కారనివ్వండి. ఆరాక లోపల తుప్పు నిరోధక ఆయిల్ కొట్టి, పోస్టుకు గ్రీజు రాసి దించండి. అడుగున చిన్న నీటి రంధ్రం ఉంటే మట్టి పూడకుండా చూడండి. ఇప్పటికే పట్టేసి ఉంటే సుత్తి ఎత్తకండి. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రెండు మూడు రోజులు ఆగి, మెల్లగా మెలి తిప్పండి.

సెకండ్‌హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే నేను గేర్లు ముట్టుకోను. ముందు సీట్‌పోస్ట్ తీసి చూపించమంటాను. కదలకపోతే ధర సగానికి అడుగుతాను. అతుకుల దగ్గర పెయింటు కింద బుడగలు కనిపిస్తే సగానికి కూడా అడగను.