రాసిపెట్టకుండా వదిలేసిన స్టోరేజ్ సర్వర్ – 3వ పాఠం: పూల్ హిస్టరీ చదవడం

ముందు నడిపినవాళ్లు ఏ వివరాలూ రాసిపెట్టకుండా వదిలేసిన స్టోరేజ్ సర్వర్‌ని అర్థం చేసుకోవడం మన పని, పోయిన పాఠంలో రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) లాగిన్ దాకా వచ్చాం. షెల్ (కమాండ్లు కొట్టే తెర) దొరికింది కదా అని ఇప్పుడే ఏదీ మార్చొద్దు, సర్వర్ వెబ్ పేజీలో పూల్ (డిస్కులన్నీ కలిపి చేసిన ఒకే నిల్వ) అప్‌గ్రేడ్ చేయమని నోటీస్ కనపడినా దాని జోలికి పోవద్దు, ఎందుకంటే కొత్త ఫీచర్లు ఒకసారి ఆన్ అయ్యాయంటే పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పూల్ మళ్లీ ఓపెన్ కాకపోవచ్చు. ఈరోజు చదవడం మాత్రమే.

మన సర్వర్ జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్ని పూల్‌గా కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) మీద నడుస్తోంది అనుకుందాం. ముందు నడిపినవాళ్లు డాక్యుమెంట్ రాయకపోయినా, వాళ్లు కొట్టినవాటిలో పూల్‌ని మార్చిన కమాండ్లన్నీ ఆ పూల్ లోపలే తేదీలతో సహా రికార్డ్ అయ్యుంటాయి, అవి చూపించే కమాండ్ "జెడ్‌పూల్ హిస్టరీ". దానికి మైనస్ ఎల్ (-l) పెడితే ఏ యూజర్, ఏ హోస్ట్ నుంచి కొట్టారో కూడా వస్తుంది. లాగ్ నిండాక పాత ఎంట్రీలు పోతుంటాయి గానీ పూల్ పుట్టినప్పటి క్రియేట్ లైన్ మాత్రం ఎప్పటికీ చెరగదు, మనకి కావాల్సింది ముందు అదే. అందులో యాషిఫ్ట్=12 అని ఉంటే సెక్టార్ (డిస్కు మీద ఒకసారికి రాసే అతి చిన్న ముక్క) 4096 బైట్లు, రెయిడ్‌జెడ్2 అని ఉంటే ఆ డిస్కుల గ్రూపులో ఏ 2 డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది అని అర్థం.

తర్వాత "రీప్లేస్" లైన్లు చూడండి, ఏ డిస్కు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది, స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు వివరాలు చూపించే కమాండ్)లో వచ్చే సీరియల్ నంబర్లతో పోల్చుకుని రాసుకోండి.

అసలు జాగ్రత్తగా వెతకాల్సింది "యాడ్ మైనస్ ఎఫ్" కోసం. రెయిడ్‌జెడ్2 ఉన్న పూల్‌కి ఒంటరి డిస్కు కలపబోతే జెడ్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోదు, మైనస్ ఎఫ్ పెట్టి బలవంతం చేస్తేనే కలుపుతుంది. ఆ లైన్ కనపడితే వెంటనే "జెడ్‌పూల్ స్టేటస్" కొట్టి చూడండి, ఆ డిస్కు పేరు రెయిడ్‌జెడ్2 గ్రూపు కింద లోపలికి జరిగి కాకుండా గ్రూపు పేరుతో సమానంగా ఉందంటే ఆ ఒక్క డిస్కు పోయిన రోజు పూల్ మొత్తం పోయినట్టే!! రెయిడ్‌జెడ్ ఉన్న పూల్ నుంచి దాన్ని తీసేయడం కూడా కుదరదు, దానికి జోడీగా ఇంకో డిస్కు "అటాచ్" చేసి మిర్రర్ (రెండింట్లోనూ ఒకే డేటా) చేసుకోవాలి. బ్యాకప్ ఉందని తేల్చుకున్నాకే ఆ పని, కానీ ఈ సిరీస్‌లో వాయిదా వేయకూడని పని ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇక సెట్టింగ్స్. "జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ ఆల్" అని ఊరికే కొడితే వందల లైన్లు వచ్చిపడతాయి, మైనస్ ఆర్‌తో పాటు మైనస్ ఎస్ లోకల్ కూడా పెడితే మనుషులు కావాలని మార్చినవే మిగులుతాయి: కోటా, కంప్రెషన్, రికార్డ్‌సైజ్ లాంటివి. అదే లోకల్ బదులు రిసీవ్డ్ అని అడిగి చూడండి, ఏవైనా వచ్చాయంటే ఆ డేటాసెట్ (పూల్ లోపలి ఒక భాగం) ఇక్కడ మామూలుగా క్రియేట్ చేసింది కాదు, వేరే చోటు నుంచి సెండ్ చేస్తే వచ్చింది, అంటే ఎక్కడో ఒక రెప్లికేషన్ జాబ్ (డేటాని వేరే చోటికి క్రమంగా కాపీ చేసే పని) ఉండొచ్చు, లేదా ఒకప్పుడు ఉండి ఉండొచ్చు, అది మీరు కనుక్కోవాలి.

స్నాప్‌షాట్లని (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో నిలిపి ఉంచిన కాపీలు) క్రియేషన్ టైమ్ ప్రకారం లిస్ట్ చేస్తే షెడ్యూల్ దానంతట అదే బయటపడుతుంది, రోజూ వచ్చేవి ఒక తేదీ తర్వాత ఆగిపోయి ఉంటే ఆ తేదీ నోట్ చేసుకోండి.

ఇవన్నీ టెక్స్ట్ ఫైళ్లుగా సేవ్ చేసి వేరే మెషీన్‌లో పెట్టుకోండి, ఈ సర్వర్‌లో కాదు. 4వ పాఠంలో షేర్లు, యూజర్ల ఐడీలు చూసేటప్పుడు ఆ ఫైళ్లు పక్కన తెరిచి ఉండాలి.